మొలతాడు కత్తి నుంచి జేబు చాకు దాకా

యూరియా బస్తా కుట్టు విప్పాలంటే ఇప్పుడు మనం ఏం చేస్తున్నామో ఒకసారి చూసుకోండి. పళ్లతో దారం లాగేవాడు ఒకడు. బండి తాళంచెవితో పొడిచేవాడు ఒకడు. గడ్డం గీసి పారేసిన బ్లేడుని సగానికి విరిచి, కాగితంలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకునేవాడు ఇంకొకడు. పదెకరాల మిరప పెట్టిన మనిషి దగ్గర కూడా బెత్తెడు చాకు ఉండదు. అడిగితే "కత్తి జేబులో పెట్టుకుని తిరగటానికి మనమేమన్నా రౌడీలమా" అంటారు.

ఈ మాట ఎక్కడినుంచి వచ్చింది, అంతకుముందు మన పెద్దోళ్ల దగ్గర ఏముండేది, అసలు మడత కత్తి అనేది ఎవరి చేతి కోసం పుట్టింది అని వెతికితే చాలా సంగతులు కనపడ్డాయి. కొంచెం పొడుగు పోస్టే. సాయంత్రం తీరిగ్గా చదవండి.

పల్నాడు అంటే బయటోళ్లకి ముందు కత్తే గుర్తొస్తది. అందులో మన తప్పేం లేదు. పన్నెండో శతాబ్దంలో కారెంపూడి దగ్గర సవతి అన్నదమ్ముల వర్గాలు కొట్టుకుని చచ్చిపోతే, ఆ వీరుల పేరు మీద గుడి కట్టుకుని ఇప్పటికీ మొక్కుతున్నాం. ఏటా కార్తీక అమావాస్యకి మొదలయ్యే వీరారాధన ఉత్సవాల్లో పూజ అందుకునేది ఆయుధాలే. కొణతాలంటాం వాటిని. ఒక్కొక్కటి ఒక్కో వీరుడికి గుర్తు. ఆ ఐదు రోజుల్లో ఒక రోజు పేరు కోడిపోరు. కోడి కాలికి కట్టే కత్తి కూడా మన కథలో అంత పెద్ద పాత్ర వేసింది మరి.

ఇవన్నీ పెద్ద కత్తులు, పేరున్న కత్తులు. కథలు కట్టేవాళ్లు, పాటలు పాడేవాళ్లు వీటినే పట్టుకున్నారు. తాడు తెంపిన కత్తినీ, కాయ కోసిన కత్తినీ ఎవరూ పాడలేదు. కానీ వయసులో ఈ చిన్న కత్తే పెద్దది. నాగార్జునసాగర్ కడితే లోయంతా మునిగిపోద్దని 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో నాగార్జునకొండ తవ్వారు గదా. ఇక్ష్వాకుల విజయపురి ఒక్కటే బయటపడిందనుకుంటాం. అక్కడే రాతియుగం మనుషుల పనిముట్లు కూడా దొరికాయి. రాయిని రాయితో కొట్టి, పెచ్చు లేపి, ఆ పెచ్చు అంచుతో తోలు కోసుకున్నారు, మాంసం కోసుకున్నారు. మాచర్ల మీదుగా వెళ్లి లాంచీ ఎక్కితే కొండ మీద మ్యూజియం ఉంది. పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు శిల్పాలు చూపించి వచ్చేయబాకండి. ఆ రాళ్ల దగ్గర కూడా కాసేపు ఆగండి. చేతిలో ఇమిడేంత రాయి, ఒక పక్క పదును, ఇంకో పక్క పట్టు. మనం జేబులో పెట్టుకోవాల్సిన వస్తువుకి కొలత అక్కడే ఖాయమైపోయింది.

రాయి తర్వాత ఇనుము, ఇనుము తర్వాత ఉక్కు. ఉక్కు విషయంలో మన తెలుగోళ్లు తల ఎత్తుకుని చెప్పుకోవాల్సిన ఊరొకటుంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం. అక్కడ మట్టి మూసల్లో ఇనుముని రోజుల తరబడి కాచి ఉక్కు ముద్దలు తీసేవాళ్లు. సర్వే దొరల వెంట తిరిగిన హెన్రీ వోయ్సీ అనే డాక్టరు 1820 ప్రాంతంలో ఆ పని కళ్లారా చూసి రాసిపెట్టాడు. ఆయన చనిపోయాక 1832లో అది అచ్చయింది. ఆ ఉక్కు కొనటానికి ఇస్ఫహాన్ నుంచి, అంటే ఇప్పటి ఇరాన్ నుంచి, వర్తకుడు అక్కడికి వచ్చి కూర్చున్నాడని అందులో ఉంది. పడమటి దేశాల్లో డమాస్కస్ కత్తులని పేరుపడ్డవాటికి సరుకు మన దక్షిణాది మూసల్లోంచి వెళ్లింది. ఉక్కు అన్న మన మాటే ఇంగ్లీషోళ్ల నోట్లో పడి వూట్జ్ అయిందంటారు పండితులు.

నాకు ఇందులో బాగా నచ్చిన మనిషి లండన్‌లో కత్తులు చేసే జేమ్స్ స్టోడార్ట్. ఆయన ఈ ఉక్కు తెప్పించుకుని, డాక్టర్ల కత్తులు, గడ్డం కత్తులు చేసి, ఏళ్ల తరబడి యూరప్ ఉక్కుతో పోల్చి చూసి, ఇదే మేలని తన కొట్టు కార్డు మీద అచ్చేయించుకున్నాడు. తర్వాత మైకేల్ ఫారడేతో కలిసి ఆ ఉక్కు గుట్టు తెలుసుకోవాలని ప్రయోగాలు కూడా చేశాడు. కరెంటు పుట్టించే సూత్రం కనిపెట్టిన ఫారడేనే. ఒక కత్తి మంచిదో కాదో చెప్పాలంటే ఏళ్ల తరబడి కోసి చూడాలని ఆయనకి తెలుసు. ఇప్పుడు మనం ఫోన్లో ఫొటో చూసి, చుక్కలు లెక్కపెట్టుకుని కొంటున్నాం.

అయితే ఆ ఉక్కు మన ఊరి రైతు మొలకి వచ్చిందనుకోబాకండి. దాని ఖరీదు వేరు, దాన్ని కొనేవాళ్లు వేరు. మన ఊళ్లకి కత్తి చేసిచ్చింది మన కమ్మరే. ఏడాదికి ఇంత ధాన్యమని మేర కొలిస్తే కొడవలి, గొడ్డలి, నాగటి కర్రు అన్నీ ఆయన కొలిమిలోనే. లారీలొచ్చాక కమాన్ కట్ట ముక్క దొరికితే పండగే. అరిగిపోయిన ఆకురాయి దొరికితే ఇంకా పండగ. దాంతో చేసిన కత్తి పదును నెలల తరబడి నిలబడేది. ఎర్రగా కాల్చి, దాకలి మీద సాగగొట్టి, నీళ్లలో ముంచి, మళ్లీ కొంచెం కాక చూపించేవాడు. ఆ రెండోసారి కాక చూపించటంలోనే పనితనమంతా ఉంది. అది లేకపోతే గాజులాగా పెళుసై విరిగిద్ది, ఎక్కువైతే మెత్తబడిపోయిద్ది. లోహం రంగు చూసి చెప్పేవాళ్లు ఎప్పుడు తీయాలో. ఈ లెక్క ఏ పుస్తకంలోనూ చదివింది కాదు.

ఆ కత్తి ఎట్టా మోసేవాళ్లు? పంచె కట్టినోడికి జేబేదీ? మొలతాడు ఉండేది. తాళంచెవి, పళ్లు కుట్టుకునే పుల్ల, చిన్న కత్తి అన్నీ మొలతాడుకే. కొందరు తోలు ఒర కుట్టించుకుని బొడ్లో దోపుకునేవాళ్లు. వక్కాకు సంచి ఉన్న పెద్దమనిషికి అందులో అడకత్తెర ఉండేది. మడతపడే ఇనుప సామాన్లలో మన ఇళ్లల్లో బాగా తెలిసింది అదే. ఇంకొకటి మంగలి కత్తి. అది పిడిలోకి మడుచుకుపోయేదే గదా. ఎవరూ దాన్ని మడత కత్తి అనుకోరుగానీ, ఊళ్లో అందరికన్నా ముందు మడత కత్తి వాడింది ఆయనే.

కరణం గారి దగ్గర ఇంకో రకం ఉండేది. తాటాకు మీద రాసే రోజుల్లో గీయటానికి గంటం కావాలి, ఆకు అంచులు కోయటానికి కత్తి కావాలి. రెండూ ఒకే పిడిలోకి మడిచే సామాను దక్షిణాదంతా వాడారు. ఇప్పుడు మ్యూజియాల్లో అద్దాల వెనక ఉన్నాయి. మన భూముల లెక్కలు, శిస్తులు, సరిహద్దు తగాదాలు ఆ మొనతోనే రాశారు. మనల్ని ఎక్కువగా కోసిన కత్తి అదేనని మా తాత ఎగతాళి చేసేవాడు.

ఇక చాకు. ఈ మాట తెలుగు కాదు. ఉర్దూ మీదుగా వచ్చిన పారసీ మాట. మాట వెనకే సరుకు చరిత్ర కూడా ఉంది. కత్తి కొలిమి నుంచి వచ్చింది, చాకు బజారు నుంచి వచ్చింది. కమ్మరి చేసింది కాదు, కోమటి కొట్లో కొన్నది. అందుకే మన పెద్దోళ్లు కొడవలికి వాడే పదాలు వేరు, చాకుకి వాడే పదాలు వేరు.

బయట దేశాల్లో మడత కత్తి చాలా పాతది. ఆస్ట్రియాలో హాల్‌స్టాట్ అనే ఉప్పు గనుల ఊళ్లో సుమారు 2,500 ఏళ్ల కిందటి మడత కత్తి దొరికింది. రోమన్ల దగ్గర కూడా ఉండేవి. అయితే అవన్నీ వట్టి మేకు మీద తిరిగేవి. పట్టు సడలితే వేళ్ల మీదకే మూసుకునేవి. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో షెఫీల్డ్ పనివాళ్లు పిడి వీపున ఒక ఉక్కు పట్టీ పెట్టారు. తెరిచేటప్పుడు అది వంగిద్ది, పూర్తిగా తెరుచుకోగానే అలుగు మడమ మీద కూర్చుని ఆపేస్తది. టక్కుమని చప్పుడొచ్చేది దానివల్లే. మూసేటప్పుడూ అంతే. ఇది తాళం కాదు, వెనక నుంచి గట్టిగా తోస్తే మూసుకుపోయిద్ది. కానీ జేబులో దానంతటది తెరుచుకోదు. అదే పెద్ద మేలు. పక్షి ఈకల్ని చెక్కి కలాలు చేసుకునే రోజులవి. ఆ చెక్కే కత్తి గనక పెన్ నైఫ్ అన్నారు. ఈకలు పోయినా పేరు పోలేదు. మా చిన్నప్పుడు బడిలో పంతులు గారి దగ్గర పెన్సిలు చెక్కటానికి ఉండేదే.

జేబుకీ మడత కత్తికీ విడదీయరాని లెక్క. ఒరలో పెట్టే కత్తి పైకి కనపడిద్ది. మడత కత్తి లోపల ఉంటది. దీన్ని దాచుకునే కత్తి అని జనం అనుమానపడేది ఇందుకే. నిజానికి మడత పెట్టింది దాచుకోటానికి కాదు. కూర్చుంటే, వంగితే, చెట్టెక్కితే ఒళ్లు కోసుకోకుండా ఉండటానికి. పోరాడేవాడికి మడత అవసరం లేదు. మడత ఉన్న చోటే కత్తికి బలహీనత. మొనతో పొడిస్తే మేకు దగ్గర ఊగిద్ది, జారితే తన వేళ్లే పోతాయి. రోజంతా పని చేసుకుంటూ మధ్యలో పదిసార్లు కత్తి తీసేవాడికే మడత కావాలి.

పేరున్న రెండు చాకులు పుట్టిన చోట్లు చూస్తే కూడా ఇదే తెలుస్తది. స్విట్జర్లాండులో కార్ల్ ఎల్సెనర్ అనే ఆయన 1884లో ఇబాఖ్ అనే చిన్న ఊళ్లో కత్తుల పని మొదలుపెట్టాడు. అప్పుడా కొండ ప్రాంతంలో పని లేక జనం వలస పోతున్నారు. కత్తులు చేసేవాళ్లందరినీ కూడగట్టి, 1891లో తమ దేశ సైన్యానికి కత్తులివ్వటం మొదలుపెట్టాడు. సైనికుడి కత్తి అంటే మనకి ఏదేదో గుర్తొస్తదిగానీ, అందులో ఉన్నది ఒక అలుగు, ఒక ఆర, డబ్బా మూత తీసేది, తుపాకీ మరలు విప్పే స్క్రూడ్రైవరు. 1897లో ఎర్ర పిడి ఆఫీసరు కత్తి వచ్చింది. అదే విక్టోరినాక్స్. ఇంకొకటి ఫ్రాన్సు కొండల్లో సవోయ్ ప్రాంతానిది. కొడవళ్లు, గొడ్డళ్లు చేసే కమ్మరి ఇంట్లో పుట్టిన జోసెఫ్ ఒపినెల్ అనే కుర్రాడు 1890లో పద్దెనిమిదేళ్ల వయసులో చేశాడు. కర్ర పిడి, ఒక్క అలుగు, ఒక మేకు. రైతులు, పశువుల కాపర్లు, ద్రాక్ష తోటల వాళ్లు ఎగబడి కొన్నారు. 1955లో దానికి తిప్పితే బిగుసుకునే ఉంగరం పెట్టారు. ఇప్పటికీ అంతే ఉంది. మన కమ్మరి పిల్లలకి కూడా ఇంత పనితనం ఉంది. వాళ్లకి కొనేవాళ్లు దొరికారు, మనవాళ్లకి దొరకలేదు.

మరి మన దగ్గర చాకుకి చెడ్డపేరు ఎట్టా వచ్చింది? దీనికి మూడు దారులు కనపడుతున్నాయి నాకు.

మొదటిది చట్టం. 1857 తర్వాత తెల్లోళ్లకి మన చేతిలో ఇనుము కనపడితే భయం. 1878లో లిట్టన్ వైస్రాయిగా ఉన్నప్పుడు ఆయుధాల చట్టం తెచ్చారు. దానికి నాలుగేళ్ల తర్వాత, 1882లో, మద్రాసు అడవుల చట్టం. ఒక చట్టం ఆయుధానికి అడ్డం, ఇంకోటి కంప కొట్టుకోటానికీ మేపుకోటానికీ అడ్డం. ఆ రెండోదాని బాధ పడీపడీ చివరికి పుల్లరి కట్టమని మన పల్నాడు తిరగబడింది. మించాలపాడు కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో తుపాకీ గుళ్లకి బలైపోయాడు. నల్లమల అంచున గొర్రెలు మేపుకునేవాడు చేతిలో గొడ్డలీ, మొలలో కత్తీ లేకుండా ఎట్టా బతుకుతాడు? పనిముట్టు పట్టుకున్న ప్రతివాణ్ణీ దొంగలాగా చూసే అలవాటు అప్పుడు మొదలైందని నా లెక్క.

స్వతంత్రం వచ్చాక 1959లో కొత్త ఆయుధాల చట్టం వచ్చింది. ఇది మనం సరిగ్గా తెలుసుకోవాలి. ఇంటి అవసరానికో వ్యవసాయానికో మాత్రమే చేసిన వస్తువులు ఆయుధాలు కావని ఆ చట్టంలోనే ఉంది. లైసెన్సు లెక్కలోకి వచ్చే కత్తులేంటంటే అలుగు తొమ్మిది అంగుళాలకన్నా పొడుగో, రెండంగుళాలకన్నా వెడల్పో ఉన్నవి. వాటిలోనూ ఇంటి పనికీ సేద్యానికీ చేసినవాటికి మినహాయింపు ఉంది. బెత్తెడు అలుగు అంటే సుమారు మూడంగుళాలు. ఎక్కడ తొమ్మిది, ఎక్కడ మూడు! బటన్ నొక్కితే తెరుచుకునే కత్తుల సంగతి వేరు. ఢిల్లీలో 1980 నుంచి వాటి మీద చాలా గట్టి నిబంధన ఉంది.

రెండో దారి ఆ బటన్ కత్తే. ఉత్తరప్రదేశ్‌లో రాంపూర్ అనే ఊరు దానికి పుట్టిల్లు. పిడి మీద ఇత్తడి నగిషీ, పొడుగాటి అలుగు, తెరిస్తే కటకటమని చప్పుడు. హిందీ సినిమాలోళ్లు దాన్ని విలన్ చేతికిచ్చారు. మన సినిమాలోళ్లు ఊరుకుంటారా? 1970ల్లో, 80ల్లో రౌడీ అంటే గళ్ల లుంగీ, మెళ్లో రుమాలు, చేతిలో రాంపురి. 1990ల్లో అక్కడి ప్రభుత్వం నాలుగున్నర అంగుళాలు దాటిన అలుగుతో చేయటానికి వీల్లేదని అడ్డుకట్ట వేసింది, పనివాళ్లు చితికిపోయారు. 2023లో అదే ఊరి కూడలిలో ఇరవై అడుగుల చాకు బొమ్మ నిలబెట్టారు. చేసేవాళ్లని పోగొట్టుకుని బొమ్మ పెట్టుకోవటం మన దేశంలో మామూలే. పాపం, ఆ ఒక్క జాతి కత్తి మూలాన మడతపడేవన్నీ ఒకే గాటన కట్టబడ్డాయి.

మూడో దారి మన ఇంటిదే. ఊళ్లల్లో పార్టీలు, కక్షలు. వేట కొడవళ్ల గురించి నేను కొత్తగా చెప్పేదేముంది. 2024 మే 13 పోలింగు తర్వాత ఏం జరిగిందో, ఎన్ని రోజులు 144 కింద ఇళ్లల్లో కూర్చున్నామో అందరం చూశాం. అట్టాంటి రోజుల్లో బండి ఆపి జేబులు తడిమితే చాకు బయటపడితే, అది ఉల్లిపాయ కోసేదా ఇంకోటా అని ఎవరు వింటారు? ఇప్పుడు ఆ 144 కొత్త చట్టంలో 163 సెక్షను అయింది. పేరు మారినా ఉత్తర్వు ఉత్తర్వే. అందుకని నా మాట ఇది: మామూలు రోజుల్లో పొలం పోయేటప్పుడు చాకు మన హక్కు. నిషేధాజ్ఞలున్నప్పుడు, పోలింగు రోజు, కోర్టుకీ స్టేషనుకీ పోయేటప్పుడు, జాతరలో తొక్కిసలాట ఉండే చోటికి పోయేటప్పుడు ఇంట్లో గూట్లో పెట్టి పోండి. విమానం ఎక్కేవాళ్లు చేతిసంచిలో పెట్టబాకండి, తీసేసుకుంటారు.

ఇట్టా చాకు పోయిన చోటికి వచ్చింది బ్లేడు ముక్క. అమెరికాలో జిల్లెట్ 1903లో పారేసే బ్లేడు అమ్మటం మొదలుపెట్టాడు. ఆ తర్వాత జపానులో 1956లో ఓల్ఫా వాళ్లు మొన మొద్దుబారితే విరిచేసి కొత్త మొన తోసుకునే కట్టరు తెచ్చారు. చాకొలెట్టు బిళ్ల గీతల దగ్గర విరిగినట్టు విరగాలని ఆలోచన. కాగితాలు కోసేవాళ్లకి బంగారంలాంటి వస్తువు. పొలానికి మాత్రం శత్రువు. విరిచిన ముక్క ఎక్కడ పడిద్ది? చేలో, కళ్లంలో, గడ్డిలో. గేదె మేత నమిలి చూసి మింగదు. గబగబా మింగి తర్వాత నెమరేస్తది. ఇనుప ముక్క పొట్టలో రెండో అరలో ఆగిపోయిద్ది. ఆ అరకి ఎదురుగా, మధ్యలో పలచటి పొర అడ్డంగా, గుండె ఉంది. మేకులూ తీగ ముక్కలూ బ్లేడులూ అక్కడినుంచి గుండెదాకా పొడుచుకుపోయి పాడిగేదెలు చచ్చిపోవటం పశువుల డాక్టర్లని అడిగితే చెబుతారు. మేత మానేస్తది, వీపు వంచి నిలబడిద్ది, దిగువకి నడవమంటే మూలిగిద్ది. ఎనభై వేలో లక్షో పెట్టి కొన్న గేదె రూపాయి బ్లేడుకి పోయిద్ది. చాకు మాత్రం మళ్లీ జేబులోకే వస్తది. నా దృష్టిలో చాకు మోయటానికి ఈ ఒక్క కారణం చాలు.

ఇంకో కారణం కూడా ఉంది. కాలువ నీళ్లొచ్చాక, అంటే 1967 ఆగస్టులో సాగర్ నీళ్లు వదిలాక, జొన్నా సజ్జా తిన్న మన నేల మిరపకీ పత్తికీ వరికీ తిరిగింది. ఈ పైర్లకి రోగం లోపల ఉంటది. పత్తి కాయ పైకి నిగనిగలాడుతుంటది, లోపల గులాబీ పురుగు గుడ్డిగా తింటుంటది. ఎకరంలో అక్కడక్కడ ఇరవై పచ్చికాయలు కోసి, చీల్చి చూడమంటారు శాస్త్రవేత్తలు. రెండు కాయల్లో పురుగు కనపడితే మందు కొట్టాల్సిన హద్దు వచ్చినట్టు. ఇరవై కాయలు గోటితో చీల్చలేం. మిరప మొక్క ఉన్నట్టుండి వాడిపోతే మొదలు దగ్గర కాడ అడ్డంగా కోసి గాజు గ్లాసు నీళ్లలో నిలబెట్టి చూడండి. పాలలాంటి తీగ కిందకి జారితే అది బాక్టీరియా ఎండు తెగులు, బూజు మందు ఎంత పోసినా పనిచేయదు. కాడ నిలువునా చీలిస్తే లోపల గోధుమ రంగు కనపడితే అది కూడా తెగులు జాడే. కోసి చూసే రైతుకి ఏం కొనాలో తెలుసు. కోయకుండా కొట్టుకెళ్లినోడికి కొట్టాయన ఇచ్చిందే మందు. అయితే తెగులున్న మొక్క కోసిన కత్తి తుడవకుండా ఇంకో మొక్క కోస్తే తెగులు మనమే మోసుకెళ్లినట్టు. స్పిరిట్టుతో తుడవాలి.

కొనేటప్పుడు ఏం చూడాలో నాకు తోచింది చెబుతాను.

అలుగు బెత్తెడు దాటొద్దు. బటన్ కత్తి వద్దేవద్దు. పిడి నల్లగా, ఆకుపచ్చగా ఉన్నవి ఫొటోలో బాగుంటాయి. మన నల్లరేగట్లో పడితే మరుసటేడు దుక్కిలో దొరుకుద్ది. ఎర్రదో నారింజ రంగుదో తీసుకోండి. ఎర్రది చూస్తే పోలీసాయనకి కూడా భయం తక్కువ, నవ్వులాటకి అనటం లేదు. తెరిచి పట్టుకుని అలుగుని అటూ ఇటూ ఊపండి, మేకు దగ్గర కదిలితే వద్దు. తాళం ఉన్నదైతే చెక్క మీద వాదర కిందకి ఆనించి, వేళ్లు దారిలో లేకుండా, వీపు మీద నొక్కి చూడండి. తాళం జారిందంటే ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. చెమట చేత్తో తెరవగలగాలి. ఇంకో చెయ్యి ఖాళీ లేనప్పుడు తెరవగలిగితే ఇంకా మంచిది. ఎద్దుకి పలుపు ఉరిబిగిసి గిలగిలలాడుతుంటే ఒక చేత్తో కొమ్ము పట్టుకుంటాం, ఇంకో చేత్తోనే చాకు తీయాలి. అప్పుడు ఇంటికి పరిగెత్తి కొడవలి తెచ్చేలోగా ప్రాణం పోయిద్ది.

ఉక్కు సంగతి. మామూలు ఉక్కు పదును తొందరగా ఎక్కుద్ది, కానీ యూరియా, పొటాష్ తగిలితే రాత్రికి రాత్రే తుప్పు. షెఫీల్డులో 1913లో హారీ బ్రియర్లీ పుట్టించిన స్టెయిన్‌లెస్ జాతి మన ఎరువుల పనికి నయం. నూరటానికి కొంచెం ఓపిక కావాలి. చాలామంది ఇంటి ముందు నాపరాయి మీద నూరుతుంటారు. నాపరాయి సున్నపురాయి జాతి, ఉక్కుకన్నా మెత్తన. రాయి అరుగుద్దిగానీ కత్తికి పదును రాదు. కొట్లో దొరికే సానరాయి, ఒక పక్క గరుకు ఒక పక్క నునుపు ఉండేది, తెచ్చుకోండి. నీళ్లు చల్లి, అలుగు వీపుని రాయి మీదనుంచి కొంచెం మాత్రమే లేపి, రెండు పక్కలా సమానంగా లాగండి. మొండి కత్తే చెయ్యి కోసుద్ది. ఎందుకంటే దాన్ని తోయాలి. మేకు సందుల్లో దుమ్ము చేరితే నీళ్లతో కడిగి, ఆరబెట్టి, ఒక చుక్క కొబ్బరినూనె వేయండి.

పాము కరిస్తే మాత్రం చాకు జోలికి పోవద్దు. కాటు దగ్గర గాటు పెట్టి రక్తం పిండటం మన పెద్దోళ్ల కాలంలో ఉండేది. రక్తపింజర విషం రక్తాన్ని గడ్డకట్టనీయదు, మనం పెట్టిన గాటే ఆగకుండా కారిద్ది. గట్టిగా తాడు కట్టటం కూడా వద్దు. కాలు కదపకుండా, ఎత్తుకుని, సర్కారు ఆసుపత్రికి తీసుకుపోవటమే. విరుగుడు మందు అక్కడ ఉచితం.

చిన్న విషయం మర్చిపోయాను. మిరప కోతల కాలంలో కాయ కోసి గింజ చూసిన చాకుని సబ్బుతో కడగకుండా జేబులో పెట్టుకుని, సాయంత్రం ఇంటికొచ్చి అదే చాకుతో జామకాయ ముక్కలు చేసి పిల్లాడి చేతిలో పెట్టబాకండి. తేజ కాయ ఘాటు ఇనుముకి పట్టుకుంటే రెండు రోజులైనా వదలదు.